ఉలి మొనల అక్షరమాల

తోలుబొమ్మలాట అనగానే మనకు కేతిగాడు, బంగారక్క గుర్తుకొస్తారు. వాళ్ళకు నగలు తొడిగిన ఉలులు మాత్రం గుర్తుకురావు. ఈ కళ చరిత్రలో కొంత భాగం ఆ ఉలి మొనల ఆకారాల్లోనే దాగి ఉంది.

తోలు మీద నగిషీ రెండు విధాలు. మొదటిది అద్దకం. పదును చేసిన తోలును తడిపి, ఇనుప ముద్ర పెట్టి సుత్తితో కొడతారు. గుర్తు పడుతుంది కానీ తోలు తెగదు. అమెరికాలో పేరుపొందిన క్రాఫ్టూల్ ముద్రల పిడి మీద అక్షరం, అంకె ఉంటాయి: అంచు నొక్కేదానికి 'బి', ఆకు ఈనెలు దిద్దేదానికి 'వి'. ఆకారానికో చిరునామా అన్నమాట.

రెండవది తొలిచే పని. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసేది ఇదే. మేకతోలును శుభ్రం చేసి, బిగదీసి ఆరబెడతారు. దాని గుండా వెలుగు ప్రసరిస్తుంది కనుక తెర మీద రంగుల నీడ పడుతుంది. కిరీటాలు, హారాలు, చీర అంచులు చిన్న చిన్న రంధ్రాలతో మెరుస్తాయి. గుండ్రటి మొన ఒక్క దెబ్బకు ముత్యమవుతుంది. వంపు మొనను చుట్టూ తిప్పి కొడితే పువ్వవుతుంది.

మా పాసిర్ రిస్ ఇంట్లోని నిమ్మలకుంట దీపం చూసి, పక్కింటి మలయ్ పెద్దాయన "వాయాంగ్ కులిత్" అన్నారు. 'కులిత్' అంటే తోలే. జావా బొమ్మలు గేదెతోలువి, వాటి నీడ నల్లన. కాబట్టి అక్కడ నగా నాణ్యమూ చెప్పవలసింది రంధ్రాలే. 'తాతాహ్' అనే ఉలుల్లో తిన్నని మొనది వేరు, వంపు మొనది వేరు. చుక్కల వరుసకు 'బుబుకన్' అని పేరు కూడా ఉంది. మన దగ్గర రంగు మోసే బరువు అక్కడ ఉలి మోస్తుంది.

వాయాంగ్‌కు 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. సంతోషమే. కానీ బొమ్మ గోడకెక్కుతుంది, అరిగిన ఉలి పాత ఇనుములో కలుస్తుంది. దానితోపాటు ఒక అక్షరం పోతుంది.

ఈసారి దేశానికి వెళ్ళి దీపమో బొమ్మో కొన్నప్పుడు ఒక తెల్లకాగితం కూడా ఇవ్వండి. పెట్టెలోని ప్రతి ఉలితోనూ ఒక్కో దెబ్బ కొట్టించి, పక్కన వాళ్ళు పిలిచే పేరు రాయించుకోండి. మన పిల్లలకు ఆ కాగితం కూడా ఒక అక్షరమాలే.