మెకన్నాస్ గోల్డ్: ఖారూన్ ఖజానాకు హక్‌దార్ ఎవరు?

డబ్బుంది, హునర్ ఉంది, ఉస్తాద్ లాంటి డైరెక్టర్ ఉన్నాడు, అయినా తెర మీద జాన్ లేదు. సినిమా తారీఖ్‌లో ఇలాంటి మాయూసీలు చాలా ఉన్నాయి. 1969లో వచ్చిన ‘మెకన్నాస్ గోల్డ్’ వాటిలో ఒకటి. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. ఎందుకంటే ఆ పేరు వినగానే మా విశాఖలో పాత జమానా వాళ్ల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి. కానీ అది పుట్టిన అమెరికాలో విమర్శకులు మెచ్చలేదు, జనం కూడా ఆశించినంతగా రాలేదు.

అందులో ఉన్న అదాకార్ల పేర్లు ఒకసారి చూడండి. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్, టెల్లీ సవాలాస్, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, లీ జె. కాబ్, ఆంథోనీ క్వేల్, రేమండ్ మాసే, బర్జెస్ మెరిడిత్, ఈలై వాలక్. వీళ్లలో ఏ ఇద్దరిని పెట్టినా ఒక సినిమా నడుస్తుంది. నిర్మాత, రచయిత కార్ల్ ఫోర్‌మన్. దర్శకుడు జె. లీ థాంప్సన్. 1961లో ‘గన్స్ ఆఫ్ నవరోన్’ తీసిన జోడీ ఇదే. సంగీతం క్విన్సీ జోన్స్. ఆ షూటింగ్ దగ్గరకు వచ్చి ఎడారి మీద చిన్న సినిమా తీసుకున్న ఒక విద్యార్థి తర్వాత ‘స్టార్ వార్స్’ తీశాడు. అతనే జార్జ్ లూకాస్.

కిస్సా చిన్నదే. చనిపోతున్న ఒక ముసలి అపాచీ దగ్గర బంగారు లోయకు దారి చూపే నక్షా ఉంటుంది. మార్షల్ మెకన్నా దాన్ని చూసి కాల్చేస్తాడు. ఇక నక్షా అతని బుర్రలోనే ఉంది. కొలరాడో అనే డాకూ అతన్ని పట్టుకుని దారి చూపమంటాడు. కబురు ఊళ్లోకి పాకి పెద్దమనుషులంతా బంగారం కోసం బయల్దేరుతారు. అపాచీలు కళ్లు పోగొట్టిన ఆడమ్స్ అనే ముసలివాడు, ఆ లోయను తాను ఒకప్పుడు ఎలా చూశాడో వాళ్లకు చెబుతాడు. ఈ ఆడమ్స్ పాత్ర రాబిన్సన్‌ది.

మాయూసీ మొదలయ్యేది ఇక్కడే. మహా నటులంతా ఈ పెద్దమనుషుల వేషాల్లోనే ఉన్నారు. వచ్చి నాలుగు మాటలు మాట్లాడేలోపే దాడి జరుగుతుంది, చాలామంది రాలిపోతారు. దావత్‌కు పిలిచి, దస్తర్‌ఖాన్ పరిచి, అన్నం పెట్టకుండా పంపేసినట్టుంటుంది. మూడు గంటల దాకా ఉన్న సినిమాను రెండు గంటల చిల్లరకు కత్తిరించారు. తెగిన చోట్ల కథను వెనక నుంచి ఒక గొంతు చెబుతుంది. అసలు కొండల పక్కనే బొమ్మ కొండలు తెలిసిపోతుంటాయి.

ఒమర్ షరీఫ్ సంగతి మరీ బాధ. 1932లో అలెగ్జాండ్రియాలో క్రైస్తవ కుటుంబంలో మిషెల్‌గా పుట్టాడు. నటి ఫాతెన్ హమామాను పెళ్లి చేసుకునేటప్పుడు ఇస్లాం స్వీకరించాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో షరీఫ్ అలీగా ఎడారి దూరంలోంచి ఒంటె మీద వచ్చిన ఆ ఒక్క సీనుతో దునియా అతని వైపు తిరిగింది. తర్వాత హాలీవుడ్ అతన్ని చెంఘిజ్ ఖాన్ చేసింది, రష్యన్ డాక్టర్ జివాగో చేసింది. 1969లోనే చే గువేరానూ చేసింది, ఈ మెక్సికన్ డాకూనూ చేసింది. తెల్లవాడు కాని ఏ పాత్రకైనా సరిపోతాడనుకున్నారేమో. కొలరాడోలో అతని నవ్వు, చిలిపితనం బాగుంటాయి, కానీ అతనికి రాసిన మనిషి అంటూ లేడు.

అమెరికాలో తేలిపోయిన ఈ సినిమా హిందుస్తాన్‌లో మళ్లీ మళ్లీ ఆడింది. సోవియట్ రష్యాలో కూడా జనం విరగబడి చూశారు. ఎందుకు? ఇంగ్లీషు రానివాడికి కూడా ఈ కథ అర్థమవుతుంది. కిస్సా మనకు ముందే తెలుసు కాబట్టి. తెలుగిళ్లలో లంకెబిందెల కథలున్నాయి. వాటిని కాపలా కాసే పాములున్నాయి. మా ఇళ్లలో ఖారూన్ ఉన్నాడు. మూసా అలైహిస్సలాం జమానాలో అతని ఖజానా తాళంచెవులు మోయడానికే బలవంతుల గుంపు కావాల్సి వచ్చేదట. లాలచ్, గురూర్ పెరిగిన ఖారూన్‌ను ఇంటితో సహా భూమి మింగేసింది. ‘మెకన్నాస్ గోల్డ్’ చివర కూడా నేల కంపించి బంగారు లోయ కూలిపోతుంది. మా అబ్బా పోర్టులో కళాసీ. ఈ సినిమా కథను అమ్మీకి ఆయన ఒక్క ముక్కలో చెప్పారు: “ఖారూన్ కిస్సానే, గుర్రాలు ఎక్కువ.”

ఇంకో రిష్తా కూడా ఉంది. ఆరుద్ర 1925లో విశాఖపట్నంలో పుట్టారు. ‘త్వమేవాహం’, ‘సమగ్రాంధ్ర సాహిత్యం’ రాసిన ఆయనే తెలుగు కౌబాయ్ సినిమాకూ కలం పట్టారు. 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ అది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, రాజస్థాన్ ఎడారి. సెర్గియో లియోనె సినిమాల నుంచి, ‘మెకన్నాస్ గోల్డ్’ నుంచి తీసుకున్నది చాలానే ఉంది, ఎవరూ దాచలేదు. లియోనె సినిమాలో ఈలై వాలక్ వేసిన జిత్తులమారి పాత్రకు తెలుగు చుట్టం నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న. ‘మెకన్నాస్ గోల్డ్’లో వాలక్‌కు పనే లేదు. నాగన్నకు మాత్రం ఆరుద్ర సినిమా పొడుగునా మాటలిచ్చారు. అది ఆడింది. ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది.

నా మట్టుకు అసలు ఫరక్ మాటల్లో కాదు, ఖజానాలో ఉంది. ఆరుద్ర కథలో నిధికి మాలిక్ ఉన్నాడు. అది ఆంగ్లేయుల కన్నుపడ్డ ఒక సంస్థానం ఖజానా. కాబట్టి దాన్ని ఎవరు దక్కించుకుంటారన్నది చూసేవాడికి సొంత విషయం. మెకన్నా బంగారం అపాచీల నేలలోది. కానీ సినిమాలో అపాచీలు బాణాలు వేయడానికీ చావడానికీ తప్ప కనపడరు. అపాచీ యువతి వేషం కూడా జూలీ న్యూమార్ అనే తెల్ల నటికిచ్చారు. బంగారం ఎవరి హక్ అన్న సవాల్‌ను సినిమా ఒక్కసారి కూడా గట్టిగా అడగదు. అంతమంది హునర్‌మందులు ఉన్నా కథ బోలుగా మోగడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఆ సవాల్ మా ఊరికి కొత్తది కాదు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ జనం వీధుల్లోకి వచ్చారు, తూటాలకు ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అదే 1960వ దశకంలో వేసిన రైలు మార్గం మీద బస్తర్‌లోని బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం మా రేవుకు దిగి, ఓడలెక్కి జపాన్‌కు పోతూ వచ్చింది. ఆ కొండలు ఆదివాసుల ఇళ్లు. ఉక్కు కర్మాగారం కోసం ఇక్కడ పల్లెలు ఖాళీ అయ్యాయి. అన్ని ప్రాణాలు తీసుకున్న ఆ కర్మాగారానికి మాత్రం సొంత ఇనుప గని రాలేదు. ఖనిజం తవ్వేది ఒకచోట, మోసేది మరొకచోట, లాభం ఇంకొకచోట.

సినిమా చివర మెకన్నా తనది కాని గుర్రమెక్కి వెళ్లిపోతాడు. జీను సంచుల నిండా బంగారం ఉన్న సంగతి అతనికి తెలియదు, మనకు తెలుసు. దర్గా కొండ మీద నిలబడి చూస్తే కింద కాలువలో ఓడలు వెళుతూ కనిపిస్తాయి. వాటి కడుపులో ఎవరి సొమ్ము ఉందో మా ఊళ్లో అందరికీ తెలుసు.