దైవపిలుపు - దాని పరీక్ష

ప్రతి సంవత్సరము జనవరి మాసమున, సంక్రాంతి పండుగ దినములలోనే, నూజివీడు మామిడితోటల నడుమనున్న పల్లెలనుండి జనులు పెద్దావుటపల్లికి పయనమగుదురు. ఆ పోవువారిలో క్రైస్తవులే గాక ఇతరులును గలరు. 2022లో జిల్లాల విభజన జరిగి నూజివీడు ఏలూరు జిల్లాకును, పెద్దావుటపల్లి కృష్ణా జిల్లాకును చెందిపోయినను, యాత్రికులకు ఆ సరిహద్దు తెలియదు. అచ్చట సమాధియందున్న బ్రదర్ జోసఫ్ తంబి 1945 జనవరి 15వ తేదీన దివంగతుడయ్యెను. ఆయన గురువు కాడు. దివ్యబలిపూజ చేయు అధికారము ఆయనకెన్నడును లేదు. సంసారులు సైతము చేరదగిన అసీసి ఫ్రాన్సిసు వారి మూడవ సభకు చెందిన దక్షిణాది వాడు మాత్రమే.

గురుపట్టము లేని వాని సమాధికి ఇందరు పోవుచుండగా, దైవపిలుపు అనుమాటకు అర్థమేమి? గురువగుటకు గాని, మఠమున చేరుటకు గాని మనస్సునందు కలుగు ప్రేరణకు తెలుగు కతోలికులు పెట్టుకొన్న పేరిది. ఆ ప్రేరణ నిజమైనదో, క్షణికమో తెలుసుకొనుట యెట్లన్నదే చిక్కు.

తెలుగు దేశమున ఈ పిలుపు చాలకాలము పరదేశీయుల సొత్తుగనే యుండెను. 18వ శతాబ్దారంభమున ఫ్రాన్సు దేశపు యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేర రాయలసీమ ప్రాంతమున ప్రవేశించి, సన్యాసి వేషము దాల్చి, తెలుగు సంస్కృతములు నేర్చిరి. వారిలో కుర్దూ అను పండితుడు సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో బంధుత్వము గలదని 1767లోనే పారిసు పండితులకు వ్రాసెను. 1773లో రోమునందు యేసుసభ రద్దుకాగా ఆ మిషను చిక్కిపోయెను. ఆ గురువులు మన భాషను నేర్చిరి గాని, తెలుగుబిడ్డ పీఠాధిపతి కాగలడను నమ్మకము స్థిరపడుటకు మరి యొకటిన్నర శతాబ్దము గడచెను. 1940లో గుంటూరు పీఠమునకు పొతకమూరి తోమాసుగారు పీఠాధిపతి యయిరి. ఇటలీ దేశపు మిలాను గురువులు నడపిన బెజవాడ ప్రాంతమున 1937లో పీఠమేర్పడినను, తెలుగు పీఠాధిపతి తుమ్మా జోసఫుగారు వచ్చుటకు 1971 వరకు ఆగవలసివచ్చెను. 2022లో పూల ఆంతోనిగారు కార్డినలు పదవి నందిన తొలి తెలుగువారు, తొలి దళితుడు కూడ. ఈ తేదీల నడుమ ఎందరు తల్లిదండ్రులు "ఇది మన కులమువారికి, మన యింటివారికి కాదులే" యని బిడ్డల నోరు మూయించిరో ఏ దస్తరమునందును వ్రాయబడలేదు.

దీనికి ఎదురుగ మరియొక తప్పు గలదు. 1924లో అర్లాటి గురువు గుణదల కొండపై మరియమాత ప్రతిమను నిలిపినది మొదలు, ఆ కొండ మ్రొక్కుబడులకు పెట్టినపేరు. జ్వరముతో మూలుగు బిడ్డను ఒడిలో పెట్టుకొని, వీడు బ్రతికిన గురువును చేసెదనని మ్రొక్కుకొను తల్లులు లేకపోలేదు. ఆ తల్లి కన్నీటిని తప్పుపట్టనేల? కాని బిడ్డ పదునెనిమిదేండ్ల వాడై, తనకు ఆ కోరిక లేదన్నప్పుడు ఆ మ్రొక్కు ఎవరిది? సభాశాసనము దీనికి తేటగ ఉత్తరువిచ్చినది: మ్రొక్కు మ్రొక్కినవారినే బంధించును. ఎవరినైనను ఏ విధముగనైనను బలవంతపెట్టి గురుపట్టము స్వీకరింపజేయుట నిషిద్ధము. ఈ రెండు మాటలు మన పల్లె గుడుల ముంగిట పెద్దయక్షరములతో వ్రాయింపదగినవి.

సన్యాసమునకు అనుజ్ఞ యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. శంకరభగవత్పాదులు బాల్యమున మొసలి పట్టిన పాదముతోనే తల్లి యనుమతి పొందినట్లు కథ. బుద్ధుడు తన కుమారుడగు రాహులుని సంఘమున చేర్చుకొనగా శుద్ధోదనుడు దుఃఖించి, తల్లిదండ్రుల సమ్మతి లేనిదే బాలురకు ప్రవ్రజ్య నీయరాదని కోరెను, బుద్ధుడంగీకరించెను. ఋణత్రయము తీర్చిన పిదపనే సన్యాసమని మనువు చెప్పగా, బ్రహ్మచర్యమునుండియే పోవచ్చునని జాబాలోపనిషత్తు చెప్పినది. అచ్చటను వాదమే, ఇచ్చటను వాదమే.

కతోలిక సభ ఈ వాదమును కాలమునకు అప్పగించినది. మఠమున చేరువారికి పరీక్షాకాలము ఒక సంవత్సరమునకు తగ్గరాదు. పిదప తాత్కాలిక మాటపట్టు కనీసము మూడేండ్లు. గురువు కాగోరువారికి తత్త్వము, దైవశాస్త్రము కలిపి ఆరేండ్ల చదువు. 25 ఏండ్లు నిండనిదే పట్టము లేదు. తుదకు, పిలుపు నిజమని నిర్ణయించువాడు అభ్యర్థి కాడు, పీఠాధిపతి. నూజివీడు రైతులకు దీనిని వివరించుట సులువు. అంటుమొక్క నాటిన తొలి రెండుమూడేండ్లు వచ్చిన పూతను తోటవారు తుంచివేయుదురు. పూత దొంగది కాదు. మొదలు ఇంకను బరువు మోయజాలదు.

ఇట్లు తుంచిన పూతకు మంచి దృష్టాంతము గుంటూరునకు వచ్చిన వైద్యురాలు మేరీ గ్లౌరీ. ఆమె 1887లో ఆస్ట్రేలియా దేశమున విక్టోరియా రాష్ట్రమున జన్మించెను. మెల్బోర్నులో వైద్యవిద్య ముగించి, పేరు తెచ్చుకొన్న డాక్టరైన పిదప, 1915 అక్టోబరు 24వ తేదీన ఒక చిన్న పుస్తకము చదివెను. అది స్కాట్లాండు వైద్యురాలగు ఆగ్నెస్ మెక్లారెనును గూర్చినది. పురుషవైద్యునికి చేయి చూపించుకొనని హిందూదేశపు స్త్రీలు, వారి శిశువులు వైద్యము లేక మరణించుట ఆమె మనస్సును కదలించెను. తన జీవితమునకు పని యిదియేనని గ్రహించెను.

కాని అంతట ఓడ నెక్కలేదు. ప్రపంచయుద్ధము జరుగుచుండెను. తన ఆత్మగురువు సలహా ననుసరించి వేచియుండెను. ఆ వేచియున్న కాలమున చేతులు ముడుచుకొనలేదు. 1916లో కతోలిక స్త్రీల సేవాసంఘమునకు తొలి అధ్యక్షురాలై పనిచేసి, 1919లో ఎం.డి. పట్టము పొంది, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరెను. అచ్చట హాలండునుండి వచ్చిన జె.ఎం.జె. సభ మఠకన్యలతో చేరెను. మఠకన్యలు వైద్యవృత్తి సాగించుట అప్పటి సభానియమములకు విరుద్ధము. పదునైదవ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేకానుమతి వలన ఆమె మఠకన్యయు, డాక్టరునుగా ఉండగలిగెను. ఈ నిషేధము అందరకును సడలినది 1936లో. అనగా ఆమె పిలుపును ఆమె గుర్తించిన ఇరువది యేండ్లకు గాని నియమము దానిని గుర్తింపలేదు. 1943లో దేశమందలి కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించి, 1957 మే 5వ తేదీన బెంగుళూరున మరణించెను.

ఇట్టివారి కథలు జూబిలీ సంచికలలో కెక్కును. సెమినరీనుండి తిరిగి వచ్చినవాని కథ యెక్కదు. నాలుగేండ్లు చదివి, తనకీ మార్గము తగదని పెద్దలతో చెప్పి, పెట్టె నెత్తిన పెట్టుకొని బస్సు దిగిన యువకుని మన యూళ్లు చూచు చూపు ఎట్టిది? ఏ తప్పు చేసెనో యని గుసగుసలు, పిల్లనిచ్చుటకు వెనుకాడుట. కట్నమీయలేక మఠమునకు పంపిరని కన్యలను గూర్చి చెప్పుకొనుటయు ఈ గుసగుసలకు తోబుట్టువే. పరీక్షాకాలమున వెడలిపోవు స్వేచ్ఛను శాసనమే యిచ్చినది. నిజముగ తనను పరీక్షించుకొని తిరిగివచ్చినవాడు, పరువునకు జంకి పట్టము పుచ్చుకొన్నవానికంటె సభకు మేలు చేసినవాడు. రచ్చబండమీది పెద్దలకు ఈ మాట రుచింపకపోవచ్చును.

జోసఫ్ తంబికి పట్టమిచ్చిన పీఠాధిపతి లేడు. ఆయన మరణానంతరమే సభ ఆయనను దైవసేవకుడని పేర్కొని జీవితమును విచారించుట కారంభించెను. 2013లో మేరీ గ్లౌరీకిని అదే బిరుదము లభించినది. ఒకరు రోమునుండి అనుమతి తెచ్చుకొని పనిచేసిరి, మరియొకరు ఏ పదవియు లేక పల్లెలలో తిరిగిరి.  మామిడి పూతకు వచ్చు వేళకు నూజివీడు తోటలవారు, కావలికి ఒకరిని ఉంచి, పెద్దావుటపల్లికి పోవుచునే యున్నారు.