గాజీకి ముందు హన్‌లీ

విశాఖపట్నం రేవు వెలుపల 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగిపోయెను. లోపలివారిలో ఒక్కరును మిగులలేదు. భారత నౌక రాజ్‌పుత్ వదలిన పేలుడుగుండ్లే కారణమని మనవారును, ప్రమాదమని పాకిస్తాన్‌వారును చెప్పుదురు. ఇట్టి చావు జలాంతర్గామికి పుట్టుకతో వచ్చినదే.

1864 ఫిబ్రవరి 17 రాత్రి, అమెరికా అంతర్యుద్ధములో, హన్‌లీ అను చిన్న జలాంతర్గామి హౌసటానిక్ నౌకను ముంచెను. యుద్ధములో జలాంతర్గామి శత్రునౌకను ముంచుట అదే మొదలు. పేరుకు విజయమే! ఏడుగురు చేతులతో ఇరుసు త్రిప్పిననేగాని కదలని ఆ ఇనుపగొట్టమునకు, ముందుకు చాచిన గడ చివర కట్టిన మందుగుండే ఆయుధము. పేలుడుకు కొద్ది అడుగులే ఎడము. హన్‌లీ తిరిగి రాలేదు. అంతకుముందు పరీక్షలలోనే అది 13 మందిని మ్రింగినది. 2000లో పైకి తీయగా, ఎనిమిదిమంది నావికుల ఎముకలును ఎవరి చోట వారివి యుండెను.