కదలని కన్ను కోసం తిరిగే చక్రం

బొంగరం తిరుగుతున్నంతసేపూ ములుకు మీద నిటారుగా నిలుస్తుంది, వేగం తగ్గగానే తూలి పడుతుంది. తన ఇరుసు దిశను తేలిగ్గా వదులుకోని మొండితనం తిరిగే ప్రతి వస్తువుకూ ఉన్నదే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియోన్ ఫూకో 1852లో ఆ మొండితనం ఆధారంగానే భూభ్రమణాన్ని కళ్ళకు కట్టించి, తన పరికరానికి జైరోస్కోపు అని పేరు పెట్టాడు. వలయం, చూడటం అనే అర్థాలున్న గ్రీకు మాటల కలయిక అది. భూమి తిరగడాన్ని చూపించిన ఆ చక్రం, చూసే కెమెరాను నిలకడగా ఉంచే పనికి ఎలా వచ్చిందో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తొలినాటి చలనచిత్ర కెమెరా ముక్కాలి స్టాండుకు బందీ. ఒక చేత్తో పిడి తిప్పుతూనే ఉండాలి కనుక, దాన్ని చేతుల్లోకి తీసుకుంటే బొమ్మ అదిరిపోయేది. ఆ బంధాన్ని తెంచినవాడు 1875లో వార్సాలో పుట్టిన పోలిష్ ఇంజనీరు కాజిమియెజ్ ప్రుషిన్‌స్కీ. 1910లో ఇంగ్లండులో పేటెంటు పొందిన అతని ‘ఏరోస్కోప్’ కెమెరాలో పిడి లేదు. సైకిలు పంపులాంటి దానితో ముందే నింపిపెట్టుకున్న గాలి ఒత్తిడే ఫిల్మును నడిపేది. చేతి వణుకును అణచడానికి లోపల ఒక జైరోస్కోపు తిరిగేది. వన్యమృగాలను చిత్రించిన చెర్రీ కియర్టన్ వంటివారికీ, మొదటి ప్రపంచ యుద్ధరంగంలో తిరిగిన ఛాయాగ్రాహకులకూ అది చేతికందిన వరమైంది.

ఇక క్రేను సంగతి. ఆనిక బిందువుకు ఇవతల రెండడుగులు, అవతల పదడుగులు ఉన్న చేతిని ఊహించుకోండి. ఇవతల అంగుళం కదిలితే అవతల కెమెరా అయిదంగుళాలు కదులుతుంది. అయినా ఈ పక్కకు జరగడం పెద్ద ఇబ్బంది కాదు. అసలు శత్రువు కోణం. కెమెరా ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, ఏభై అడుగుల దూరాన ఉన్న మనిషి చట్రంలో దాదాపు పదంగుళాలు జరిగిపోతాడు. జైరోస్కోపు అడ్డుకోగలిగేది ఈ ఒరుగుడునే. పైకీ కిందికీ జరగడాన్ని అది పట్టించుకోదు.

ఇంట్లో ఇటువంటి స్టెబిలైజరు చేయబూనే వారికి మొదట తట్టే ఆలోచన, బరువైన చక్రాన్ని మోటారుకు తగిలించి కెమెరా పక్కన గట్టిగా బిగించేయడం. కానీ అలా బిగిస్తే అది నిలబెట్టదు. తిరిగే చక్రాన్ని ఒక వైపు నెడితే అది నెట్టిన వైపు పోదు, దానికి లంబంగా ఉన్న దిశలో ఒరుగుతుంది. ఆ ఒరిగే దారి మూసేస్తే, పడిన దెబ్బ అలాగే మరో దిశలో చట్రానికి చేరుతుంది. కనుక చక్రానికి ఒక ఇరుసు చుట్టూ ఊగే స్వేచ్ఛనివ్వాలి, ఆ ఊగును మెల్లగా అణచాలి. జర్మన్ ఇంజనీరు ఓట్టో ష్లిక్ 1906లో ‘సీబేర్’ నౌకపై అలల ఊపును తగ్గించినది ఈ సూత్రంతోనే. పైగా చక్రం తన ఇరుసు చుట్టూ జరిగే తిప్పుడును ఆపలేదు కాబట్టి, లంబ దిశల్లో కనీసం రెండు చక్రాలు కావాలి.

అన్నీ అమర్చినా ఒక చిక్కు మిగులుతుంది. చక్రానికి వణుకూ, మన సంకల్పమూ ఒకటే. కావాలని కెమెరాను తిప్పినా అది అంతే మొండిగా ఎదిరిస్తుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన గారెట్ బ్రౌన్ 1970ల తొలి సంవత్సరాల్లో ఈ చిక్కును చక్రం లేకుండానే విప్పాడు. కెమెరాను ఒక కడ్డీ పైకొసన, బ్యాటరీని, తెరను కిందికొసన పెట్టి బరువును దూరంగా పరిచాడు. గరిమనాభి దగ్గర వేళ్ళతో తాకితే తిరిగేలా చేసి, స్ప్రింగుల చేతితో నడుముకూ భుజాలకూ తగిలించాడు. అదే స్టెడీకామ్. 1976 నాటి ‘బౌండ్ ఫర్ గ్లోరీ’లో అతను క్రేను మీద కూర్చుని కిందికి దిగి, అడుగు నేల మీద పెట్టి జనంలోంచి నడిచిపోయాడు. క్రేనూ కాళ్ళూ ఒకే కదలికలో కలిసిపోయాయి. 1978లో ఆస్కార్ సంస్థ ఈ పరికరాన్ని గౌరవించింది. మన తెలుగులో 1989 నాటి ‘శివ’లో ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి చేతిలో ఇది పరుగులు తీసింది.

అయితే బ్రౌన్ కూడా చక్రాన్ని పూర్తిగా వదిలిపెట్టలేదు. ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ (1983) కోసం అడవిలో నడుస్తూ సెకనుకు ఒక చట్రం కంటే తక్కువ వేగంతో చిత్రించినప్పుడు, తన పరికరానికి రెండు జైరోస్కోపులు జతచేసుకున్నాడు. ఆ నడకే తెరమీద గంటకు నూరు మైళ్ళకు మించిన దూకుడైంది.

నేటి జైరోస్కోపు తిరగదు. మన ఫోనులో ఉన్నది వణికే సిలికాన్ తునక. అది ఒరుగుడును కొలిచి చెబుతుందే తప్ప ఎదిరించదు. ఎదిరించే పని మోటార్లది. వాటికి ఏది వణుకో, ఏది సంకల్పమో విడదీసి చెప్పవచ్చు. అందుకే ఈనాడు ఇంటి వసారాలో క్రేను చేసుకునే కుర్రవాడికి కూడా నిలకడైన బొమ్మ అందుబాటులోకి వచ్చింది.

ప్రుషిన్‌స్కీకి మాత్రం ఆ నిలకడ దక్కలేదు. 1944లో వార్సా తిరుగుబాటు వేళ నాజీలు అతన్ని పట్టుకుపోయారు. 1945 మార్చిలో మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో అతను కన్నుమూశాడు. చేతిలో కెమెరా పట్టి వీధిలో పరుగెత్తే వారెవరైనా, తెలిసినా తెలియకపోయినా, అతనికి రుణపడినవారే.