నిర్మలాకాశంలోనూ విద్యుత్తు



భద్రాచలం అడవి అంచు గ్రామాలలో వేసవి అనగానే తునికాకు సేకరణ గుర్తుకు వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఉరుము వినబడితే పెద్దలు అర్జునుని నామాలు తలచుకుంటూ ఇప్పచెట్టు క్రిందికి చేరడం నా ఉద్యోగ కాలంలో ఎన్నోసార్లు చూశాను. నామస్మరణ భయాన్ని తగ్గిస్తుంది. చెట్టు మాత్రం ప్రమాదాన్ని పెంచుతుంది.

1752 మే నెలలో, ఫ్రాంక్లిన్ సూచన ననుసరించి ఫ్రాన్సులోని మార్లీలో నిలిపిన ఇనుప కడ్డీ నుండి నిప్పురవ్వలు రాలి, మేఘంలో విద్యుత్తు ఉన్నదని రుజువైంది. అదే ఏడాది లెమోనియే అనే వైద్యుడు మబ్బులేని ఆకాశంలోనూ విద్యుత్తును గుర్తించాడు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇటువంటి పరిశోధనలోనే రిచ్‌మన్ పిడుగుపాటుకు బలయ్యాడు.

నిర్మల వాతావరణంలో నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. గాలి విద్యుత్తును అతి స్వల్పంగా మాత్రమే ప్రసరింపజేస్తుంది కనుక అది మనకు తెలియదు, హాని చేయదు. చిన్న ప్రాణులు మాత్రం దానిని పసిగడతాయి. 1832లో డార్విన్ తీరానికి ఎంతో దూరాన, సముద్రంలో ఉన్న తన ఓడపై సాలెపురుగులు వచ్చి వాలడం చూశాడు. విద్యుత్ క్షేత్రాన్ని గ్రహించి, ఆ బలంతోనే అవి దారాలపై గాలిలోకి లేవగలవని 2018లో బ్రిస్టల్ శాస్త్రజ్ఞులు నిరూపించారు.

ఉరుము మేఘం క్రింద ఆ క్షేత్రం మీటరుకు వేల వోల్టులకు పెరుగుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే పిడుగు పడబోతున్నదని గ్రహించండి. ఎత్తయిన చెట్టుపై పడిన పిడుగు ప్రక్కనున్న మనిషిపైకి దూకవచ్చు, నేల గుండా పాదాలలోకి ప్రాకవచ్చు. కనుక ఉరుము వినగానే పక్కా ఇంటికో, తలుపులు మూసిన బస్సులోకో వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రావద్దు.

పిడుగు తగిలిన వానిని ముట్టుకోవడానికి జంకేవారిని చూసి నేను బాధపడేవాడిని. అతని దేహంలో విద్యుత్తు నిలిచి ఉండదు. పేడలో పూడ్చిపెట్టడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. శ్వాస ఆగితే 108కు ఫోను చేయించి, రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కండి. తెలిసినవారు నోటితో శ్వాస అందించండి. పలువురు పడిపోతే, చలనం లేనివారినే ముందు చూడండి. మూలుగుతున్నవారు సాధారణంగా బ్రతుకుతారు. నిశ్చలంగా పడినవారి ప్రాణం మీ చేతులలో ఉంటుంది.