చెవులు గల గోడలు

ఇంటి గుట్టు లంకకు చేటని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఇంటిలోని మాట వెలికి పోవునేమో అను భయమే ఈ సామెతకు మూలము. కాని ఆ గుట్టు ఎవరిది అను ప్రశ్నను మన పెద్దలు విశేషముగా అడిగినట్లు కానరాదు. యజమానుని గుట్టే ఇంటి గుట్టుగా చెల్లెను. కోడలు ఎవరితో ఏమి మాటాడెనో, వంటమనిషి ఏమి గొణిగెనో తెలిసికొను హక్కు ఇంటి పెద్దలకు సహజముగా కలదనుకొనిరి. ఇంటికి గుట్టుండెను గాని ఇంటిలోని మనుష్యులకు ఏకాంతము లేకుండెను. ఈ రెంటికిని గల భేదమును మన న్యాయస్థానములు ఎట్లు గుర్తించినవో, ఆ చరిత్రలో తెలుగుగడ్డకు గల పాలెంతయో తెలిసికొనుట నేడు మిక్కిలి అవసరము. ఏలయన, మాట వినెడి యంత్రములు మన గదులలోనికి వచ్చి కూర్చున్నవి.

హైదరాబాదునందలి జూబిలీ హిల్సు, ఫిల్మునగరు ప్రాంతములకు ఈ విషయముతో విశేష సంబంధము కలదు. 1960వ దశకమున చల్లగళ్ల నరసింహారావుగారు సహకార గృహనిర్మాణ సంఘమును నెలకొల్పి రాతిగుట్టలపై ఊరు కట్టింపబూనిరి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియోయు, 1989లో డి. రామానాయుడుగారి స్టూడియోయు వెలసెను. మదరాసునందుండిన తెలుగు సినిమా క్రమముగా ఈ కొండలకు తరలివచ్చెను. మనుష్యకంఠమును యంత్రమున బంధించుట ఇచ్చటి వృత్తి. ఆ వృత్తికొక మర్యాద కలదు. శబ్దముద్రణము జరుగునపుడు తలుపు వెలుపల ఎఱ్ఱదీపము వెలుగును. అది చూచి లోపలివారును వెలుపలివారును జాగ్రత్తపడుదురు. తెలియకుండ ఎవరి మాటయు యంత్రమున పడదు.

ఇండ్లలోనికి వచ్చిన యంత్రముల మర్యాద వేఱు. 2017 అక్టోబరులో అమెజాన్ సంస్థవారు ఎకో అను యంత్రమును, దానినుండి పలుకు అలెక్సాను మన దేశమునకు తెచ్చిరి. 2018 ఏప్రిలులో గూగుల్ వారి యంత్రము వచ్చెను. ఈ వాయిస్ అసిస్టెంటు తన పేరు వినబడునా యని ఎల్లప్పుడు చెవియొగ్గి యుండును. పేరు వినబడినతోడనే, లేక వినబడినదని భ్రమపడినతోడనే, తరువాతి మాటలను దూరముననున్న సంస్థవారి కంప్యూటర్లకు పంపును. మార్పు చేయకున్న అవి అచ్చట నిలువయుండును. యంత్రము ఎవరి పేరిట నమోదైనదో ఆ వ్యక్తి వానిని తన ఫోనులో మరల వినవచ్చును. స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగిన మాట ముద్రితమగుచున్నదని అర్థము. ఎకోపై ఎఱ్ఱదీపము వెలిగిన చెవి మూసుకొన్నదని అర్థము. అచ్చట వినుట విశేషము, ఇచ్చట వినకుండుట విశేషము.

ఈ యంత్రమువలన మేలు లేదని మేము చెప్పము. చూపులేనివానికి ఇది వార్త చెప్పును. మంచము దిగలేని ముసలమ్మ కోరిన పాట వినిపించును. పిండి కలుపు చేతులతోనే ఇల్లాలు గడియారము పెట్టించుకొనగలదు. చదువురానివారికి సైతము ఇది లొంగును. కాబట్టి దీనిని పాఱవేయుడని చెప్పుట సంస్కారము గాదు. ఎవరి సమ్మతితో ఇది ఇంటిలో నుండవలెనో విచారించుటయే సంస్కారము. అందులకు పూర్వచరిత్ర తోడ్పడును.

మొదటి ఘట్టము 1962వ సంవత్సరపు డిసెంబరు. బందిపోటు దోపిడీ నేరము మోపబడి, సాక్ష్యము లేక విడుదలయైన ఖరక్ సింగను ఉత్తరప్రదేశ్ వాసి ఇంటికి పోలీసులు రాత్రులందు వచ్చి తలుపు తట్టుచుండిరి. సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను కొట్టివేసెను. కాని ఏకాంతము రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు తీర్మానించిరి. దీనికి సమ్మతింపనివారు రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమునందలి ముఖ్యభాగమని ఆయన, జస్టిస్ షాగారితో కలిసి, వ్రాసిరి. కాపలా కాయుచున్నారని తెలిసిన మనుష్యుడు ఎవరును తాకకున్నను స్వేచ్ఛగా మెలగలేడని ఆయన తలంపు. ఆ అల్పసంఖ్యాకాభిప్రాయము ఏబదియైదేండ్లు వేచియుండి, 2017 ఆగష్టు 24వ తేదీన, పుట్టస్వామి వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో దేశధర్మమయ్యెను. ఎకో మన దేశమున అమ్మకమునకు వచ్చినది ఆ తరువాత రెండు మాసములకే!

రెండవ ఘట్టము సినిమాలోకమునకు సంబంధించినది. మరోచరిత్ర చిత్రముచే ప్రఖ్యాతి గాంచిన నటి సరితగారిపై, బాల్యమున తనకు పెండ్లియయ్యెనని చెప్పిన వ్యక్తి, తనతో కాపురము చేయునట్లు ఉత్తరువు కోరి కడప న్యాయస్థానమున దావా వేసెను. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున జస్టిస్ పి. ఏ. చౌదరిగారు, ఇష్టములేని స్త్రీని న్యాయస్థానపు బలముతో కాపురమునకు పంపుట ఆమె ఏకాంతమునకును గౌరవమునకును భంగకరమని, అట్టి ఉత్తరువునకు వీలిచ్చు హిందూవివాహచట్టపు తొమ్మిదవ సెక్షను చెల్లదని చెప్పిరి. మఱుసటి యేడే సుప్రీంకోర్టు ఈ అభిప్రాయమును త్రోసివేసెను. అయినను దానియందలి సారము నశింపలేదు. పోలీసు గడప దాటరాదని సుబ్బారావుగారు చెప్పగా, గడప లోపల సైతము ఒకరి ఏకాంతము వేఱొకరి సొత్తు గాదని చౌదరిగారు చెప్పిరి.

మూడవ ఘట్టము కాగితములకు సంబంధించినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టమును సవరించి, కలెక్టరు నియమించినవారు బ్యాంకులలోను ఇతర స్థలములలోను ప్రవేశించి దస్తావేజులను వెదకుటకు వీలిచ్చెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడచిన వ్యాజ్యమున, 2004లో, సుప్రీంకోర్టు ఈ సవరణ చెల్లదనెను. ఏకాంతము స్థలమును గాక మనుష్యునే అంటియుండుననియు, తన కాగితమును బ్యాంకునందుంచినంత మాత్రమున అతడు దానిపై ఏకాంతమును కోల్పోడనియు ఆ తీర్పు సారాంశము. మన మాటలు సంస్థల కంప్యూటర్లలో దాగు ఈ కాలమున ఇంతకంటె పనికివచ్చు సూత్రము మఱొకటి లేదు.

నాలుగవ ఘట్టము మన విషయమునకు అత్యంత సమీపమైనది. ఒక భర్త తన భార్య తలిదండ్రులతోను స్నేహితులతోను ఫోనులో జరిపిన సంభాషణలను ఆమెకు తెలియకుండ ముద్రించి విడాకుల వ్యాజ్యమున దాఖలుచేసెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అది భార్య ఏకాంతమును హరించుటయే యనియు, భర్తయైనంత మాత్రమున అతనికి ఆ హక్కు లేదనియు, ఆ ముద్రణము సాక్ష్యమునకు పనికిరాదనియు తీర్పు చెప్పెను. కాని 2025 జూలైలో సుప్రీంకోర్టు, వేఱొక రాష్ట్రపు వ్యాజ్యమున, భార్యాభర్తల నడుమ రహస్యముగా ముద్రించిన సంభాషణను వివాహవ్యాజ్యములలో సాక్ష్యముగా గ్రహింపవచ్చుననెను. ఒకరిపై నొకరు నిఘావేయుదాక వచ్చిన దాంపత్యము అప్పటికే చెడియున్నదని న్యాయమూర్తులు తలంచిరి. అది నిజమే కావచ్చును. కాని ఇంటిలోపలి చెవిని ఆపుటకు న్యాయస్థానపు బలము ఇంతకు మునుపటికంటె తగ్గినదని మనము గ్రహింపవలెను.

ఇక శాసనము. 2023లో వెలువడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సంస్థలు సమ్మతి లేక సమాచారము సేకరింపరాదనుచున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. కాని ఒక వ్యక్తి తన గృహావసరమునకై చేయు పనికి ఆ చట్టము వర్తింపదు. సంస్థను కట్టిన త్రాడు యజమానుని కట్టదన్నమాట.

సంస్థల నడవడియు నిర్దోషమైనది గాదు. అలెక్సా ముద్రణములలో కొన్నింటిని భారతదేశముతో సహా పలుచోట్ల ఉద్యోగులు వినుచున్నారని 2019 ఏప్రిలులో బ్లూంబర్గు వార్తాసంస్థ వెల్లడించెను. యంత్రమునకు భాష నేర్పుటకే యని అమెజాన్ వారు సమాధానము చెప్పిరి. పిల్లల కంఠముద్రణములను తగని విధమున నిలువయుంచిరన్న ఆరోపణపై 2023లో అమెరికా ప్రభుత్వమునకు రెండున్నర కోట్ల డాలర్లు చెల్లింప నొప్పుకొనిరి.

అయినను మా ముఖ్యమైన భయము సంస్థను గుఱించినది గాదు. ఈ యంత్రమునకు సమ్మతి యిచ్చువాడు ఒక్కడు. మాట వినబడువారు పదిమంది. జూబిలీ హిల్సు ఇండ్లలో యజమానులతోపాటు వంటమనుషులు, డ్రైవర్లు, ఆయాలు, అతిథులు మెలగుచుందురు. నిబంధనల పత్రముపై అంగీకారము తెలిపినది వారు గాదు. పుట్టింటివారితో మాటాడు కోడలు గాదు. జీతము చాలదని తోడివారితో చెప్పుకొను పనిమనిషియు గాదు. పాతకాలపు ఇంటి గుట్టునందలి అన్యాయమే క్రొత్త యంత్రముతో తిరిగి గడప దాటుచున్నది. పూర్వము చాటునుండి వినువాడు సిగ్గుపడవలసియుండెను. ఇప్పుడు తీరిక సమయమున ఫోనులో వినిన చాలును.

కాబట్టి శాసనము చేయని పనిని ఇంటివారే చేయవలెను. యంత్రమును పడకగదిలోను పనివారి గదిలోను ఉంచరాదు. అక్కఱ లేనపుడు దాని చెవి మూయు మీట నొక్కవలెను. నిలువయున్న ముద్రణములు ఎప్పటికప్పుడు తొలగిపోవు ఏర్పాటు చేయవలెను. అతిథులకు యంత్రమున్న సంగతి ముందే చెప్పవలెను. అన్నిటికంటె ముందు, తెచ్చుటకు పూర్వమే ఇంటిలోని వారినందఱిని అడుగవలెను. వలదన్నవారి మాట చెల్లనీయవలెను. వంటయింటిలో యంత్రమును పెట్టదలచినవారు మొదట వంటమనిషిని అడుగుదురుగాక.