పన్నులో పురుగు



పోయిన ఉగాదికి ముందు మన సంఘం పెద్దాయన ఒకరు పంటినొప్పికి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని పది రోజులు నెట్టుకొచ్చారు. నొప్పి తగ్గింది. దవడ కింద వాపు తగ్గలేదు. చివరికి నోరు తెరుచుకోక, మింగుడు పడక, అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అదృష్టవశాత్తూ బయటపడ్డారు. అందుకే ఈసారి పంటి చరిత్ర రాస్తున్నాం.

మన అమ్మమ్మలు పిప్పిపన్నుని "పురుగు పట్టిన పన్ను" అనేవాళ్ళు. ఇక్కడ తమిళనాట కండంకత్తిరి అంటారే, మన వాకుడు, దాని గింజలు నిప్పుల మీద వేసి పొగ పట్టించేవాళ్ళు. ఇది మన ఒక్కరి నమ్మకమే కాదు. సుశ్రుతుడు పంటి రోగాల్లో ఒకదానికి కృమిదంతకం అని పేరు పెట్టాడు. బాబిలోనియా మట్టిపలకల మీదా పంటిపురుగు కథ ఉంది. ఐరోపాలో ఖురాసానీ వాము గింజల పొగ పట్టేవాళ్ళు. వేడికి గింజ పగిలి బయటికొచ్చిన మొలకని చూసి పురుగు రాలిందనుకునేవాళ్ళు.

1728లో పారిస్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ తన పుస్తకంలో, సూక్ష్మదర్శినితో వెతికినా పురుగు కనపడలేదని రాశాడు. అసలు గుట్టు విప్పింది బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ మిల్లర్. నోట్లోని సూక్ష్మజీవులు తీపినీ పిండిపదార్థాన్నీ ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుందనీ 1890 నాటి పుస్తకంలో చూపించాడు. అంటే అమ్మమ్మ చెప్పిన పురుగు ఉంది, కంటికి కనపడదు, అంతే.

తర్వాత వైద్యులే అతి చేశారు. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఒంట్లోని ఎన్నో రోగాలకు నోట్లోని చీమే మూలమన్నాడు. ఆ మాట పట్టుకుని కీళ్ళనొప్పులకు కూడా పళ్ళు పీకేసిన రోజులున్నాయి.

1940లలో పెన్సిలిన్ వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది వచ్చిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడు మన భీమవరంలో పుట్టి మదరాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్వపడదాం. అయితే ఆ కుటుంబం మందులు చిన్నపిల్లలకిస్తే పళ్ళకు పసుపు, గోధుమ మరకలు పడతాయని తర్వాత తెలిసింది. ఎంత గొప్ప మందైనా అడిగి వాడాల్సిందే.

ఇప్పుడు మన పెద్దాయన సంగతి. పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, రోగం ఆగదు. చచ్చిన నరానికి రక్తం అందదు, రక్తంతో వెళ్ళే మాత్రా అందదు. చీము వేరు కింద చేరుతూనే ఉంటుంది. అందుకే చీము తీసి, వేరు శుభ్రం చేసి మూయాలి, అదే రూట్ కెనాల్. లేదా పన్ను తీసేయాలి. మాత్ర వీటికి తోడు మాత్రమే. లవంగం, ఉప్పునీళ్ళు కాసేపు ఉపశమనమే.

దవడ కింద వాపు, జ్వరం, మింగడం కష్టం, ఊపిరి ఆడకపోవడం కనపడితే తెల్లారేదాకా ఆగకండి. ఈ వాపు గొంతు మూసేసి ప్రాణం తీస్తుందని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లోనే రాశాడు.

నొప్పి తగ్గిందిగా అని ఊరుకునే పెద్దవాళ్ళు మన ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈ వారమే వాళ్ళని నోరు తెరిచి చూపించమని అడుగుదాం.